తలుపు బయట చేతికర్ర

నేను ఒక చేతికర్రను. పుట్టుకతో కాదు లెండి, పుట్టడం చీపురు కర్రగానే పుట్టాను. ఆ సంగతి దాచిపెట్టి పెద్దింటి బిడ్డలా కబుర్లు చెప్పడం నాకు చేతకాదు. ఓడ డెక్కు కడగడానికి పొడుగాటి బ్రష్షు ఉంటుంది, దాని కర్రను నేను. ఏ అడవిలో మొలిచానో, ఏ మిల్లులో నున్నగా చెక్కారో గుర్తులేదు. నాకు ఊహ తెలిసేసరికి ఇనప ఖనిజం మోసే ఓ పెద్ద ఓడ మీద ఉప్పునీళ్లలో నానుతూ, తుప్పు పొట్టు ఊడుస్తూ ఉన్నాను. గొప్ప ఉద్యోగమేమీ కాదు. అయినా నన్ను పట్టుకున్న మనుషుల్ని చూస్తే నా బతుకే నయమనిపించేది. నేను అరిగితే అరిగానని అందరికీ కనబడుతుంది. వాళ్లు అరిగితే ఆ మాట పైకి చెప్పుకునే వీలు లేదు.

ఎందుకు లేదంటారా? ఓడ ఉద్యోగం ఏళ్ల తరబడి ఉండే ఉద్యోగం కాదు. కొన్ని నెలలకు ఒప్పందం, అది అయిపోతే ఇంటికి. మళ్లీ ఓడ కావాలంటే మళ్లీ డాక్టరు పరీక్ష. ఒక్కసారి అన్‌ఫిట్ అనిపించుకున్నవాణ్ణి తర్వాత ఏ కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. అందుకని ఓడ మీద ఎవరికీ ఏ రోగమూ ఉండదు. గుండె పట్టేస్తే గ్యాసు అంటారు, కళ్లు తిరిగితే రాత్రి నిద్ర చాలలేదంటారు. ఇంత ఆరోగ్యవంతుల్ని నేను ఒడ్డున ఎక్కడా చూడలేదు.

అలాంటి ఆరోగ్యవంతుల్లో మొదటివాడు గనగళ్ల తాతారావు. శ్రీకాకుళం వైపు, కళింగపట్నం దాటాక సముద్రం ఒడ్డున ఓ పల్లె ఆయనది. మోకులు వెయ్యడం, తుప్పు గీకడం, రంగు పుయ్యడం, చుక్కాని పట్టడం, డెక్కు మీద ఏ పనికైనా ముందుండే కళాసీ. ఇరవై ఏళ్ల పైగా ఓడలెక్కి దిగుతూ, ఏ పరీక్షలోనూ తప్పనివాడు. కెప్టెన్ ఎదురైతే చాలు, వెన్ను నిటారుగా పెట్టి "ఫిట్ సార్" అనేవాడు. అడక్కపోయినా అనేవాడు.

ఒకరోజు పొద్దున్న డెక్కు మీద తుప్పు కొడుతున్నాడు. నేను పక్కనే రెయిలింగుకు ఆనుకుని ఉన్నాను. ఆయన ఎడమ చేతిలోంచి సుత్తి జారి పడింది. వంగి కుడి చేత్తో తీసి మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఎడమ కాలు కూడా మాట వినడం మానేసింది. పక్కవాడు ఏమైందని అడిగితే మెడ పట్టేసిందన్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నోట్లో పెట్టిన అన్నం ఓ పక్కనుంచి కారిపోతుంటే కూడా, వంటవాడు కూరలో కారం ఎక్కువ వేశాడని సర్దిచెప్పబోయాడట. అప్పుడు బోసన్ ఆయన కంచం లాక్కుని, భుజాన వేసుకుని, ఓడలో ఆసుపత్రి అని పిలుచుకునే గదికి మోసుకుపోయాడు.

బోసనంటే కళాసీలందరికీ పెద్ద. మన రేవుల్లో సరంగు అంటారు. ఇస్మాయిల్ పర్కార్ అని రత్నగిరి మనిషి. మాటల్లో మోటు, మనసులో మెత్తన. పక్షవాతమని ఒడ్డున ఉన్న డాక్టరు ఫోనులో తేల్చాడు. అయితే ఓడ అప్పటికి నడిసముద్రంలో ఉంది, రేవు చేరడానికి రోజులు పడతాయి. తాతారావు మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉంటే, పర్కార్ బోసన్ చేతులు కట్టుకుని కూర్చోలేకపోయాడు. నా తలకున్న బ్రష్షు ఊడగొట్టి, తాతారావు నడుము ఎత్తుకు సరిపడా నన్ను కోశాడు. కింద ఇత్తడి గొట్టం ముక్క తొడిగి, అది జారకుండా రబ్బరు బిళ్ల బిగించాడు. పైన పట్టుకునే చోట సన్నటి నూలు తాడుతో ఓ ముడి అల్లాడు. తలపాగా చుట్టినట్టు చుట్టలు చుట్టలుగా ఉంటుంది, మొదలెక్కడో చివరెక్కడో ఎవరికీ దొరకదు. చీపురు కర్రకు తలపాగా అంటే నేనూ కొంచెం పొంగిపోయాను.

ఆయన హిందీలో అన్నదాన్ని నా మాటల్లో చెబుతాను. "తాతా, నలుగురి చేతుల మీద దిగకు. నీ కాళ్ల మీద నువ్వు దిగు. కావాలంటే దీన్ని మూడో కాలనుకో."

తాతారావు నన్ను అందుకుని చాలాసేపు ముడి నిమిరాడు. రేవులో దిగేటప్పుడు నిచ్చెన మెట్ల దగ్గర కెప్టెన్ నిలబడి ఉన్నాడు. ఆయన కనబడగానే తాతారావు నన్ను వీపు వెనక్కి దాచేసి, "ఫిట్ సార్, మళ్లీ వస్తాను" అన్నాడు. నేను అక్కడ నవ్వలేదు, నవ్వొచ్చే సమయం కాదది.

తర్వాత పరాయి దేశపు ఆసుపత్రి, విమానం, ముంబైలో ఇంకో ఆసుపత్రి. వైద్యం ఖర్చు కంపెనీదే, ఆ విషయంలో వాళ్లని అనడానికి లేదు. మాట తిరిగింది, మూతి సరిపడింది. ఎడమ చెయ్యి, కాలు మాత్రం సగమే తిరిగొచ్చాయి. అసలు కథ అప్పుడే మొదలైంది.

ఓడ మీద జబ్బు పడి పనికి దూరమైన మనిషికి కంపెనీ పరిహారం ఇవ్వాలి. మనిషి ఎంత పాడయ్యాడో ముందు కంపెనీ డాక్టరు చూసి చెబుతాడు. ఇంక ఓడ ఎక్కలేడని రాస్తే, ఆ కుటుంబం నిలదొక్కుకునేంత సొమ్ము వస్తుంది. కొద్దిగానే పాడయ్యాడు, తేలిక పని చేసుకోగలడు అని రాస్తే చేతిలో చిల్లర పడుతుంది. కానీ తేలిక పనికని మనిషిని తీసుకునే ఓడ ఈ భూమ్మీద లేదు. ఓడా రాదు, డబ్బూ రాదు, రెంటికీ చెడ్డ రేవడి అవుతాడన్నమాట. తాతారావుకు నర్సింగు చదువుతున్న కూతురుంది. పెద్ద మొత్తం వస్తే ఆ పిల్ల చదువు పూర్తి చేసి, ఇంజను బోటులో ఒక వాటా కొనుక్కుని, వేరేవాళ్ల చేత వేట చేయించుకుంటూ బతకొచ్చని భార్య చిన్నతల్లి ఆలోచన. రాకపోతే ఆవిడ మళ్లీ తల మీద ఎండుచేపల తట్ట ఎత్తుకోవాలి. ఆవిడ మోకాళ్లు ఎప్పుడో సెలవు చెప్పేశాయి.

కంపెనీ డాక్టరు ముంబైలో ఉంటాడు. కర్మం కొద్దీ, తాతారావు ప్రతి ఓడ ముందూ ఫిట్ సర్టిఫికెట్టు తెచ్చుకున్న క్లినిక్కే అది. వరండాలో అదే బెంచీ. దాని మీద కొత్త ఓడల కోసం పరీక్షకొచ్చిన కళాసీలు వరసగా కూర్చున్నారు. ఒకడు రక్తపోటు దిగడానికి పచ్చి వెల్లుల్లి నములుతున్నాడు. ఇంకొకడు కళ్లు మూసుకుని, గోడ మీది కంటి పరీక్ష అక్షరాల పలక చదివినట్టే పైనుంచి కిందకి అప్పచెప్పుకుంటున్నాడు. తాతారావు వాళ్ల మధ్య కూర్చోగానే ఆయన భుజాలు వాటంతటవే పైకి లేచాయి. ఇరవై ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా?

పేరు పిలిచారు. ఆయన లేచి, నన్ను తలుపు బయట గోడకు ఆనించి, చొక్కా సర్దుకుని లోపలికి వెళ్లాడు. తోడుగా ఊరి నుంచి వచ్చిన చిన్నతల్లి "మావా, కర్ర" అంటూనే ఉంది. తలుపు ఓరగా ఉంది కాబట్టి నాకంతా వినబడింది. డాక్టరు ఎలా ఉన్నావని అడిగాడు.

"ఏక్‌దమ్ ఫిట్ సాబ్" అన్నాడు నా యజమాని.

నడిచి చూపించమన్నారు. పళ్లు బిగబట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాడు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. డాక్టరు చెడ్డవాడేం కాదు, చెప్పింది విన్నాడు, చూసింది రాశాడు. నేను మాత్రం గోడకు ఆనుకుని, నా అవసరం ఏమీ లేని మనిషి ఒకాయన లోపల ఎలా పుట్టుకొచ్చాడా అని ఆశ్చర్యపోతూ నిలబడ్డాను.

తాతారావు చెమటలు కక్కుతూ, మొహం వెలిగిపోతూ బయటికొచ్చాడు.

"పాసైపోనానే" అన్నాడు.

చిన్నతల్లి ఆయన మొహంలోకి చూసింది. "ఏటి పాసవడం మావా? ఈ పరీచ్చలో పాసైతే మనం సచ్చినట్టే గదా?"

ఆయన మొహంలో వెలుగు మెల్లిగా ఆరిపోయింది. చేసిన పని అప్పటికిగానీ బోధపడలేదు. నన్ను తీసుకుని వరండా చివరిదాకా వెళ్లి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

అనుకున్నట్టే అయింది. తేలిక పని చేసుకోగలడని కంపెనీ తేల్చింది. చిన్నతల్లి ఊరుకునే మనిషి కాదు. విశాఖపట్నంలో ఓడ పనివాళ్ల కేసులు చూసే వరూధిని గారని ఓ లాయరు ఉన్నారని విని, మొగుణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కింది. మన తరఫున మనం ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చని, ఇద్దరి మాటా కలవకపోతే రెండు పక్షాలూ ఒప్పుకున్న మూడో డాక్టరు దగ్గరికి వెళ్లాలని, ఆ మూడో మాటే ఆఖరి మాట అని లాయరమ్మ చెప్పారు. రెండో డాక్టరు దగ్గర చిన్నతల్లి లోపలే కూర్చుంది. మొగుడు నోరు తెరవకముందే అన్నీ ఆవిడే చెప్పింది. చొక్కా గుండీ పెట్టుకోలేడు, గ్లాసు పట్టుకోలేడు, గడప దాటలేడు. తాతారావు తల వంచుకుని, పరాయివాడి సంగతి వింటున్నట్టు విన్నాడు. ఆ డాక్టరు ఈయన ఇంక ఓడ ఎక్కకూడదని రాసిచ్చాడు. దాంతో మిగిలింది మూడో డాక్టరు.

"తాతారావు గారూ, అక్కడ మీ ఆవిణ్ణి మాట్లాడనివ్వరు" అన్నారు లాయరమ్మ. "కంపెనీ మనిషి కూడా ఉంటారు. మీరే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు, అంతకన్నా ఏమీ వద్దు."

ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు పాపం.

ఊళ్లో సంగతి తెలిసి మైలపల్లి లక్కయ్య వచ్చాడు. ఓడల్లో వంటలు చేసి వయసైపోయి ఇంటి దగ్గరున్నవాడు. సలహా ఇవ్వకుండా ఒక్క పూట కూడా గడపలేడు.

"ఒరే తాతా, నాను సెప్పినట్టు సెయ్యి. లోపలికెల్లంగానే దబ్బున పడిపో. మూతి వంకర పెట్టు. ఏటడిగినా 'ఆఁ' అను. ఆళ్లే రాసేస్తారు" అని, పడిపోవడం ఎలాగో చూపించబోయి నిజంగానే తూలి నా మీద పడ్డాడు.

తాతారావుకు కోపం వచ్చింది. "నాను దొంగేసాలు ఎయ్యను మావా. నా బతుకులో అబద్దం ఆడనేదు."

ఇది విన్నారా? లేని రోగం ఉందంటే అబద్ధమట, ఉన్న రోగం లేదంటే మాత్రం నిజాయితీ అట. మనుషుల తూకంరాళ్లు వేరేగా ఉంటాయి కాబోలు. కానీ చిన్నతల్లి నాలా లోపల అనుకుని ఊరుకోలేదు.

"అవున్లే, నువ్వు సత్తెవంతుడివి" అంది. "కెప్టెన్ల దగ్గిరా డాక్టర్ల దగ్గిరా నీకే జబ్బూ నేదు. పీతలు పీక్కుతిన్నట్టు నన్ను మాత్తరం నీ జబ్బు తింటన్నాది. నీకు చొక్కా తొడిగేది నాను. నువ్వు పడితే ఎత్తేది నాను. నాను కూడా అబద్దమేనా మావా?"

ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. ఆవిడా తినలేదు.

మూడో డాక్టరు విశాఖలోనే, హైమావతి గారు. నెమ్మదస్తురాలు. ఆ రోజు గుమ్మం దగ్గర తాతారావు చెయ్యి నన్ను గోడ వైపు తీసుకెళ్లబోయింది. చిన్నతల్లి ఆయన మణికట్టు పట్టుకుని, "ఇది బయటుంటే నానూ బయటే ఉంటాను" అంది. అలా మొదటిసారి డాక్టరు గదిలో అడుగు పెట్టాను. లోపల కంపెనీ తరఫున ఒకాయన కూర్చున్నాడు. ఉద్యోగం విరమించిన కెప్టెన్ సోమయాజులు గారు. తెల్ల జుట్టు, నల్ల కోటు, కోటు మీద లంగరు బొమ్మ. ఆ బొమ్మ చూశాడో లేదో, తాతారావు వెన్ను నిటారుగా అయిపోయింది. నేను ఎప్పటిలాగే వీపు వెనక్కి పోయాను.

"ఎలా ఉన్నారు?" అని అడిగారు డాక్టరమ్మ.

"బాగున్నాను మేడం" అన్నాడాయన.

చిన్నతల్లి కళ్లు మూసుకుంది. లాయరమ్మ నేల వైపు చూశారు. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమంటే నన్ను వెనకున్న కుర్చీకి ఆనించి చాపాడు, ఎడమ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగిపోతూ ఉంది. ఆయనకు తెలిసిపోయి బలవంతంగా పైకి లాగాడు. నుదుటి మీద చెమట పట్టింది. అయినా ఇబ్బందేమీ లేదు మేడం అన్నాడు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. ఇంత మంది నోళ్లు కొట్టుకున్నా ఈ మనిషి మళ్లీ పాసవుతున్నాడు.

అప్పుడు కెప్టెన్ గారు ఒక మాట అడగనివ్వమన్నారు. ఆయన కంపెనీ పని మీద వచ్చాడు కాబట్టి కంపెనీకి పనికొచ్చే ప్రశ్నే వేశాడు. గొంతు మాత్రం మర్యాదగా ఉంది.

"తాతారావ్, బరువు పనులు నిన్నెవరూ చెయ్యమనరు. రేవులో ఓడ కట్టేటప్పుడు ముందు భాగంలో నిలబడి మోకు అందిస్తే చాలు. లాగేది మిగతావాళ్లు. ఆ మాత్రం చెయ్యగలవు కదా?"

ఇన్నేళ్లలో కెప్టెన్ అడిగినదానికి తాతారావు కాదన్న రోజు లేదు. ఆయన పెదవి 'యస్ సార్' అనడానికి తెరుచుకోవడం నేను చూశాను. కానీ ఆయన కళ్ల ముందు ఏదో కదులుతోంది.

"మోకు తెగితే, సార్?" అన్నాడు.

కెప్టెన్ గారు తలెత్తి చూశారు.

"తెగిన మోకు కొరడానాగ ఎలగ ఎనక్కొస్తాదో తమరికి తెలుసు. నాను సూసినాను. మనిసి గెంతాల, ఆలోచించడానికి టైముండదు. నా కాలు గెంతదు సార్." ఆయన ఆగలేదు. "నానొక్కడినీ పోతే పోనాను. పక్కోడు ఊరుకోడు గదా. నన్ను లాగడానికి ఆగుతాడు. ఆడూ పోతాడు. ఆడికీ ఇంటికాడ మనుసులుంటారు."

ఆయన తన ఎడమ కాలి వైపు ఒకసారి చూసుకున్నాడు.

"నా పక్కన ఇలాటోణ్ణి నిలబెడితే నానొప్పుకోను సార్. దింపెయ్యమని బోసన్‌కి సెప్తాను. నాను పనికిరాను. నా వల్ల కాదు."

నన్ను వీపు వెనకనుంచి ముందుకు తెచ్చుకుని, బరువంతా నా మీద వేశాడు. కెప్టెన్ సోమయాజులు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు కూర్చున్నారు. చెప్పుకోవాలంటే ఆయనకు ఇంకా ప్రశ్నలు ఉండి ఉంటాయి, చేతిలో కాగితం నిండా ఏవో రాసుకొచ్చాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేనడగాల్సింది ఇంకేం లేదు డాక్టరు గారూ" అన్నాడు. "ఆయన సరిగ్గానే చెప్పాడు."

పల్లెకు తిరిగొచ్చాక కొన్నాళ్లు ఎవరూ ఆ విషయం ఎత్తలేదు. ఓ మధ్యాహ్నం లాయరమ్మ ఫోను చేశారు. సముద్రం మీద ఏ పనికీ ఇంక ఎప్పటికీ పనికిరాడని డాక్టరమ్మ రాసిందట, పరిహారం పూర్తిగా ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుందట. చిన్నతల్లి ఫోను పట్టుకునే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురికి ఫోను చేసి మళ్లీ ఏడ్చింది. వార్త తెలిసి వచ్చిన లక్కయ్య తన సలహా వల్లే గెలిచారని పదిమందికీ చెప్పుకోవడానికి వీధిలోకి పోయాడు.

తాతారావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను పక్కన గోడకు ఆనించాడు. సముద్రం వైపు చూడలేదు, తన పాదాల వైపు చూసుకుంటున్నాడు. సంతోషమో దుఃఖమో ఆయనకే తెలిసినట్టు లేదు. ఇరవై ఏళ్లు ఏ మాట పడకుండా పారిపోతూ వచ్చాడో, ఆ మాట పడ్డందుకు ఇంట్లో పండగ జరుగుతోంది.

చిన్నతల్లి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంక నన్ను ఏ డాక్టరూ సూడడు గదా?" అని అడిగాడాయన.

"పరీచ్చలయిపోనాయి మావా."

"ఓడెక్కక్కర్నేదు?"

"అక్కర్నేదు."

ఆయన ఇటూ అటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, చిన్నపిల్లాడు తప్పు చెప్పుకున్నంత మెల్లిగా అన్నాడు.

"బుజం నొప్పెడతన్నాదే."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఎప్పట్నించి?"

"ఓడ మీద్నించి."

ఆవిడ తిట్టలేదు. లోపలికి వెళ్లి ఆవనూనె వేడి చేసి గిన్నెతో తెచ్చి, ఆయన చొక్కా విప్పి భుజం మీద చెయ్యి వేసింది. "ఇక్కడేనా?" అంది. ఇక్కడే అన్నాడు. "ఇంకెక్కడ?" అంది. మోకాలు అన్నాడు. మెడ అన్నాడు. మూడు ఓడల కిందట విరిగి, ఎవరికీ చెప్పకుండా గుడ్డ చుట్టుకున్న చిటికెన వేలు అన్నాడు. అవన్నీ ఆవిడకు కొత్త. ఒక్కోటి చూపిస్తుంటే ఒక్కోచోటా నూనె రాస్తూ పోయింది, నూనె చాలక మళ్లీ తెచ్చుకోవడానికి లేచింది.